మా సంచుల్లో వచ్చిన పిల్లుల విషయమై

హైదరాబాదు పాతబస్తీ, హుస్సేనీ ఆలంలో గోనెసంచుల వ్యాపారం చేసి కిందటేడు కాలం చేసిన బాదం పాండురంగయ్య గారి భార్య బాదం సుశీలమ్మ అనే నేను, డెబ్బై రెండేళ్ల మనిషిని, నా ఇంటి పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని చెప్పి రాయిస్తున్న వీలునామా ఇది. ఇందుకోసం నన్ను ఎవరూ బెదిరించలేదు. బతిమాలినవాళ్లు ఉన్నారు గానీ వాళ్ల మాట నేను వినలేదు. ఈ పొద్దున ఉప్మాలో ఉప్పు తక్కువైందని మొదటి ముద్దకే కనిపెట్టాను కనుక నా బుద్ధి స్థిమితంగా ఉందని సాక్షులు గమనించగలరు. పిల్లుల గురించి ఇంత రాయించిన మనిషికి మతి ఉందా అని రేపు ఎవరైనా కోర్టుకు పోతే, ఆ ఉప్మా చేసిన మనిషిని పిలిపించి అడగవలసినది.

ఇంతకు ముందు రాయించినవి ఏవైనా ఉంటే అవి చెల్లవు. కిందటి నెల రాయించినది ఒకటుంది. అది ఎందుకు చెల్లదో ముందు ముందు తెలుస్తుంది.

దస్తావేజులు రాసే రాజన్న ఆదిలోనే అడ్డు చెప్పాడు. "వీలునామాల ఆస్తులు రాస్తరమ్మా, ముచ్చట్లు రాయరు" అన్నాడు. ముచ్చట్లు లేకుండా రాస్తే ఎవరికి ఏది ఎందుకు ఇచ్చానో తెలియక నా వాళ్లు కొట్టుకుంటారు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. రాస్తున్నాడు, మధ్యమధ్య పెన్ను ఆపి గోడ వైపు చూస్తున్నాడు.

1. పిల్లులు మావి ఎలా అయ్యాయన్న సంగతి.

బియ్యం, పప్పు, మిర్చి దుకాణాల్లో వాడేసిన సంచులు కొని, చిరుగులను దబ్బనంతో కుట్టించి, ప్రతి సంచి మీదా నీలి రంగుతో "బాదం బ్రదర్స్, గోనెసంచులు, హుస్సేనీ ఆలం" అని అచ్చు వేసి అమ్మడం మా ఇంటి వ్యాపారం. బ్రదర్స్ అంటే నా భర్త, ఆయన తమ్ముడు ప్రహ్లాద్.

మా బస్తీల్లో పిల్లిని వదిలించుకోవడానికి ఒక పద్ధతి ఉంది. చంపితే మహాపాపం, బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాల్సి వస్తుంది. అంత బంగారం ఎవరి దగ్గర ఉంది? అందుకని పిల్లిని సంచిలో వేసి, మూతి కట్టి, దిక్కు తెలియకుండా గిరగిరా తిప్పి, బండి మీద ఊరి బయటికి తీసుకుపోయి, మూతి వదులు చేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారు. ఎక్కువమంది శంషాబాద్ దాటాక వచ్చే గుండ్లవాగు అనే పల్లె దగ్గర ఈ పని కానిస్తారు, అక్కడ బండి తిప్పుకోవడానికి చోటు బాగుంటుందట. పిల్లి బయటికి దూకుతుంది, మనిషి పారిపోతాడు, సంచి మాత్రం అక్కడే ఉంటుంది. ఆ సంచి మీద మా పేరు ఉంటుంది.

గుండ్లవాగు ఎల్లప్ప టమాటలు పండించి మీరాలం మండీకి తెచ్చేవాడు. ఒకరోజు టమాటల బండి మా దుకాణం ముందు ఆపి, మూతి కట్టిన సంచిని గల్లా పెట్టె పక్కన పెట్టాడు. "సేటూ, సంచి మీది, పిల్లి మీది. మా ఊర్ల ఎందుకు ఇడుస్తున్నరు గిట్ల? తీస్కోండ్రి" అన్నాడు. సంచి కొన్నవాడెవడో, పిల్లిని వదిలినవాడెవడో మాకేం తెలుసు? ఆ మాటే ప్రహ్లాద్ చెప్పబోయాడు. నా భర్త చెయ్యి అడ్డం పెట్టాడు. "మన పేరు మీద సరుకు వాపస్ వస్తే తీస్కోవాలె. తీస్కోకుంటే అది దుకాణం ఎట్లయితది?" అన్నాడు. ఆ సంచి అంతకు ముందు ధనియాలది. ఆ పిల్లికి ధనియాలు అని పేరు పెట్టుకున్నాం.

ఆ తరువాత గుండ్లవాగు వాళ్లకు దారి దొరికింది. పిల్లి కనిపిస్తే చాలు, పక్కనే ఉన్న సంచిలో పట్టి టమాటల బండి ఎక్కించేవారు. సంచి దొరకకపోతే ఎవరి ఇంట్లోనో ఉన్న మా పాత సంచి వెతికి మరీ అందులో పెట్టి పంపారని నా అనుమానం. చక్కెర, పల్లి, ఉల్లిగడ్డ, మిర్చి, అలా ఏ సంచిలో వచ్చిన పిల్లికి ఆ పేరు. అచ్చు వేయడం మానేద్దామని ప్రహ్లాద్ ఎంత పోరినా నా భర్త వినలేదు. పేరు లేని సంచి అమ్మడం ముఖం దాచుకుని అమ్మడమే అన్నాడు.

చివరకు ఇల్లు, దుకాణం, మెట్లు, అటకలు నిండి, మేము పిల్లులను అడిగి కూర్చోవలసి వచ్చినప్పుడు, ఆయన గుండ్లవాగులో ఎల్లప్ప చేను పక్కనే ఎకరం పాతిక భూమి నా పేరున కొని, రేకుల షెడ్డు వేయించి, ధనియాలు తప్ప మిగతా పిల్లులను అక్కడికి మార్చాడు. అలా ఆ ఊళ్లో వదిలినవి మా దగ్గరికి వచ్చి, మళ్లీ ఆ ఊరికే పోయాయి. ఊరివాళ్లు ఏమీ అనలేకపోయారు, ఎందుకంటే ఇప్పుడు అవి పట్టా భూమిలో ఉన్న పిల్లులు.

2. హుస్సేనీ ఆలం ఇల్లు.

ఈ ఇంట్లో నా వాటా, అంటే పై అంతస్తు, మిద్దె, మిద్దె మీది తులసికోట, నా మరిది పిల్లలు నిఖిలేష్, శ్రీహితలకు సమానంగా చెందవలసినది. నాకు పిల్లలు లేరు, వాళ్లే పిల్లలు. మెట్ల మలుపులో నాలుగో మెట్టు ఎడమ చివర ధనియాలు పడుకునే చోటు. దాని జీవితకాలం ఆ చోట చెప్పులు విడవరాదు.

3. శ్రీహితకు.

నా కెంపుల గాజులు, పట్టుచీరల పెట్టె. చీరల మీద గోళ్ల గీతలు ఉంటే అవి మిర్చి పనే గానీ నా పెంపకం లోపం కాదని అర్థం చేసుకోవలసినది. శ్రీహిత బ్యాంకులో పని చేస్తుంది, సెలవు రోజుల్లో నాతో గుండ్లవాగు వస్తుంది, అక్కడ పిల్లులకు మాత్రలు మింగించేటప్పుడు వాటి తలలు పట్టుకుంటుంది. దాని చేతుల మీద ఉన్న గోళ్ల గీతలు చూసి ఒక పెళ్లిసంబంధం వాళ్లు వేరే ఏదో అనుకుని వెళ్లిపోయారు. పోతే పోయారు. నువ్వంటే నాకు ప్రాణం బిడ్డా, ఇది బతికుండగా సరిగ్గా చెప్పలేదు, ఇక్కడ రాయిస్తున్నాను. ఈ వీలునామాను అమలు చేయవలసిన బాధ్యత కూడా శ్రీహితదే.

4. నిఖిలేష్‌కు.

వాడి పెదనాన్న నడిపిన స్కూటరు, సీటు లేకుండా. సీటు ఉండేది, ఉల్లిగడ్డ అందులో పిల్లలు పెట్టి దూది అంతా బయటికి లాగింది. నిఖిలేష్ ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. గుండ్లవాగు భూమి అమ్ముదామని ఆర్నెల్లుగా నా చుట్టూ తిరుగుతున్నాడు. "పెద్దమ్మా, రోడ్డు పడుతుంది, రేటు మస్తు వస్తది. పిల్లులకేం ఫికర్ లేదు, గంపగుత్తగ ఎటన్న షిఫ్ట్ చేద్దం" అన్నాడు. ఎటు అని అడిగాను. ఇంకో ఊరి పేరు చెప్పాడు. ఎట్లా తీసుకుపోతావని అడిగాను. కొంచెం ఆలోచించి, "సంచులల్ల" అన్నాడు. ఆ ఒక్క మాటతో వాడికి ఆ భూమి రాకుండా పోయింది. వాడు చెడ్డవాడు కాదు, మూలశంక వచ్చి నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాలుగు రాత్రులు కుర్చీలో పడుకున్నాడు. ఆ సంగతి కూడా రాయమన్నాను. రోగం పేరు తీసేస్తానన్నాడు రాజన్న, తీయవద్దన్నాను.

5. ఎల్లప్పకు.

గట్టి ఇనుప జాలీతో చేయించిన కోళ్ల గూడు ఒకటి. మా పిల్లులు తన కోడిపిల్లలను తింటున్నాయని ఎల్లప్ప పంచాయతీలో మూడుసార్లు లొల్లి పెట్టాడు. మా పిల్లులు శాకాహారం ఇంటివి, అట్లాంటి పని చేయవని నా భర్త పంచాయతీలో ప్రమాణం చేయబోతుంటే, చక్కెర నోట్లో ఈకతో అదే దారిన పోయింది. అప్పటి నుంచి ఆయన ఆ ఊళ్లో ప్రమాణాలు మానుకున్నాడు. అయితే ఆ షెడ్డు వచ్చాక ఊళ్లో ధాన్యం గుమ్ముల్లో ఎలుకలు తగ్గాయన్న సంగతి ఎల్లప్ప పంచాయతీలో ఏనాడూ చెప్పలేదు. నా చెవిలో మాత్రం చెప్పాడు. గూడు ఆ చెప్పినందుకు.

6. తిండి విషయం.

మాది గుడ్డు కూడా గడప దాటని ఇల్లు. నా భర్త పిల్లులకు పాలన్నం, పెరుగన్నం, పండగలకు చక్కెర పొంగలి పెట్టించేవాడు. షెడ్డును చూసుకునే రాహేలు వాటికి ఎండుచేపలు పెడుతుందని నాకు తెలుసు. రాహేలుది గుండ్లవాగే, మా సంచులు కుట్టి పంపే మనిషి, మొదట్లో తన ఇంటి కూరలో నుంచే తీసి పెట్టేది. నేను షెడ్డుకు వెళ్లే ముందు ఫోను చేసి చెబుతాను, ఆమె చేపల గిన్నె తన గుడిసె వెనక పెడుతుంది. నాకు వాసన వస్తుంది. వాన పడేటట్టుంది రాహేలూ అంటాను. అవునమ్మా అంటుంది. ఈ ఏర్పాటు నా తరువాత కూడా ఇట్లాగే సాగవలసినది. షెడ్డు ఖర్చుల్లో ఆ పదార్థాన్ని "పిల్లుల కూరగాయలు" అని మాత్రమే పిలవవలసినది.

7. సంతానం విషయం.

షెడ్డులో ఉన్న, ఇకపై రాబోయే ప్రతి పిల్లికీ, ఆడదైనా మగదైనా, పశువుల డాక్టరు చేత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించవలసినది. ఈ వాక్యం రాయడానికి రాజన్న సిగ్గుపడి "తగు చర్య తీసుకొనవలెను" అని రాశాడు. కొట్టేయించి సరిగ్గా రాయించాను. కొట్టేసిన చోట నా పొట్టి సంతకం ఉంది. పిల్లుల సంఖ్య ఎంతో షెడ్యూలులో వేయాలన్నాడు. లెక్క పెట్టేలోపు అవి చోటు మారతాయి కనుక సంఖ్య వేయడం లేదు.

8. అచ్చు విషయం.

దుకాణంలో నా భర్త వాటా ప్రహ్లాద్‌కే చెందవలసినది. ఆ అచ్చు రేకు మీద పేరు మార్చరాదు, నీలి రంగు మానరాదు, ఆ సంచిలో ఏది తిరిగి వచ్చినా, మ్యావ్ అన్నా అనకపోయినా, వాపసు తీసుకోవలసినది.

9. ప్రహ్లాద్‌తో నాకున్న తగాదా.

నా భర్త పోయిన పదో రోజు మా మిద్దె మీద పిండం పెట్టారు. కాకి ముట్టాలి. అందరం గోడ వారగా నిలబడి ఆకాశం చూశాం. పావురాలు వచ్చాయి, ఒక గద్ద వచ్చి పోయింది, కాకి జాడ లేదు. పాండురంగయ్యకు ఏదో కోరిక మిగిలిపోయిందని పంతులు అన్నాడు. మిగిలిన కోరికలన్నీ తీరుస్తామని తలా ఒకటి గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. నిఖిలేష్ తనకు తెలియని అప్పులు కూడా తీరుస్తానన్నాడు. అయినా కాకి రాలేదు. అప్పుడు ధనియాలు తులసికోట వెనక నుంచి తీరిగ్గా వచ్చి, ఒళ్లు విరుచుకుని, పిండం సాంతం తిని, మూతి తుడుచుకుని వెళ్లిపోయింది.

"ఇది లెక్కకు రాదమ్మా" అన్నాడు పంతులు. "వదినా, అన్నకు ముట్టలే. పిల్లికి ముట్టింది" అన్నాడు ప్రహ్లాద్, కళ్లనీళ్లతో. ఆయన చేతి ముద్ద తిని పెరిగిన పిల్లికి ముడితే ఆయనకు ముట్టినట్టేనని నేనన్నాను. "ఈ పిల్లుల వల్లనే అన్నకు శాంతి లేదు, వాటిని పంపిచ్చేద్దం" అన్నాడు. బంధువులందరి ముందు అన్నాడు. మళ్లీ వండి, ఇంకో పిండం పెట్టి, మొఘల్‌పురాలో చుట్టాలింటి మిద్దె మీద కాకిని వెతుక్కుని ముట్టించి వచ్చాడు. నేను వెళ్లలేదు.

ఆనాటి నుంచి నేనూ ప్రహ్లాదూ మాట్లాడుకోలేదు. ఒకే ఇల్లు, నేను పైన, ఆయన కింద. మాటలు లేకపోతే ఇల్లు నడవదు కనుక, చెప్పవలసింది ధనియాలుకు చెబుతాం. నేను మెట్ల మీద నుంచి, "ధనియాలూ, కింద నల్లా బంద్ చేయలేదని చెప్పు కొందరికి" అంటాను. ఆయన కింద నుంచి, "ధనియాలూ, బంద్ చేసినమని చెప్పు, ఇంకొందరికి చెవులు ఇనవడుతలేవు గావొచ్చు" అంటాడు. కరెంటు బిల్లు, చుట్టాల పెళ్లి, నా కంటి ఆపరేషన్, అన్నీ ఇట్లాగే జరిగాయి. ఆ పిల్లి నాలుగో మెట్టు మీద కూర్చుని అటూ ఇటూ చూసేది. ఆపరేషన్ రోజు ప్రహ్లాద్ ఆటోలో నాతో పాటు వచ్చి దవాఖాన బయట సాయంత్రం దాకా కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. పిల్లి ఇంట్లోనే ఉండిపోయింది మరి.

10. గుండ్లవాగు భూమి, షెడ్డు, అందులోని పిల్లులు.

ఈ వీలునామా అసలు దీని కోసమే. నేను పోయాక ఆ భూమి అమ్ముడుపోతే పిల్లులు మళ్లీ సంచుల్లోకి పోతాయి, మళ్లీ గిరగిరా తిరుగుతాయి, ఈసారి దుకాణం గడప మీద చెయ్యి అడ్డం పెట్టే మనిషి ఉండడు. నాకు రాత్రి నిద్ర పట్టనిది ఈ ఒక్కదానికే. అందుకే కిందటి నెల వీలునామాలో భూమిని రాహేలుకు రాశాను. ఆ మాట చెప్పడానికి పోయిన ఆదివారం గుండ్లవాగు వెళ్లాను.

రాహేలు వద్దంది. "నాకొద్దమ్మా. నా పేర రాస్తే రేపు మీ చిన్నదొర వచ్చి కాగితాలు పట్టుకోని కూసుంటడు. నేను పిల్లుల సూసుకుంటనా, కోర్టుల సుట్టు తిరుగుతనా? చిన్న సేటుకే రాయి" అంది. చిన్నదొర అంటే నిఖిలేష్, చిన్న సేటు అంటే ప్రహ్లాద్. పిల్లులను పంపించేద్దామన్న మనిషికి పిల్లులను రాయమంటావా అని నేను గట్టిగానే అడిగాను.

రాహేలు గడప మీద కూర్చుని చెప్పింది. "చిన్న సేటు నెలనెల వస్తడమ్మా. మండీల ఎండుచేపలు కొనుక్కోని వస్తడు. పొట్లం గోడ మీద వెట్టి, ముక్కుకు తువ్వాల కట్టుకోని, అటు దిక్కు మొఖం తిప్పుకోని నిలవడుతడు. మిర్చి తిన్నదా, చక్కెర తిన్నదా, ఆ ముసల్ది పల్లి తిన్నదా అని అన్నిటి పేర్లు వెట్టి అడుగుతడు. నీళ్ల గోళెం కాడ తానం చేసి, ఇంకో అంగీ తొడుక్కోని వోతడు. మా అన్న పిల్లులు పెరుగన్నంతోని చిక్కిపోతున్నయి, అన్న ఉన్నప్పుడు అన్నకు చెప్పలే, ఇప్పుడు వదినకు ఎట్ల చెప్పాలె అంటడు. నీకు చెప్పొద్దని ఒట్టు వెట్టమన్నడు. నేను ఒట్టు వెట్టలే, తలకాయ ఊపిన."

పక్క చేలో నుంచి ఎల్లప్ప కూడా వచ్చి అవునన్నాడు. మండీలో చేపల కొట్టు ముందు చిన్న సేటు దూరం నుంచే వేలు చూపించి బేరం చేస్తుంటే తాను కళ్లారా చూశానన్నాడు. మా ఇళ్లలో చేప వాసన తగిలితే తలస్నానం చేసే మనిషి ప్రహ్లాద్. పక్కింట్లో చేపలు వేయిస్తున్నారని చలికాలంలో నెత్తిన నీళ్లు పోసుకుని జ్వరం తెచ్చుకున్నవాడు. అటువంటివాడు తన చేత్తో ఆ పొట్లం పట్టుకుని బస్సు ఎక్కాడు. బస్సులో జనం తన వైపు ఎట్లా చూశారో నాకు తెలియదు గానీ, నాకు ఆ గడప మీదే ఏడుపొచ్చింది. వాన పడేటట్టుందని రాహేలు అంది. అవునన్నాను.

కనుక గుండ్లవాగు ఎకరం పాతిక భూమి, రేకుల షెడ్డు, నీళ్ల గోళెం, లెక్కకు అందని పిల్లులు, ఇకపై ఎవరి సంచిలో వచ్చినా ఆ రాబోయే పిల్లులు, సర్వహక్కులతో నా మరిది బాదం ప్రహ్లాద్‌కు చెందవలసినది. ఆ షెడ్డు చూసుకునేందుకు ఇచ్చే జీతం రాహేలుకు జీవితకాలం అందవలసినది. ఏ పరిస్థితిలోనూ ఏ పిల్లినీ సంచిలో పెట్టరాదు. ప్రహ్లాద్ తరువాత ఎవరికన్నది ప్రహ్లాదే నిర్ణయించవలసినది, అతనికి నాకంటే వాటి పేర్లు బాగా గుర్తున్నాయి.

పిండం విషయంలో నాది తప్పని నేను ఇక్కడ రాయించడం లేదు. పిల్లి తిన్నది తిన్నదే, ఆయనకు ముట్టిందే.

11. తెరవవలసిన సమయం.

వీలునామాను మనిషి పోయాకే తెరవాలని రాజన్న అంటున్నాడు. మిగతా క్లాజులన్నీ అట్లాగే కానీయండి. పదోది మాత్రం ఆగేది కాదు. నేను పోయాక శ్రీహిత చదివి వినిపిస్తే ప్రహ్లాద్ ఏమన్నాడో నాకు ఎట్లా తెలుస్తుంది? సంతకం చేసి సిరా ఆరగానే ఈ కాగితం పట్టుకుని నేనే కిందికి దిగుతాను. ఆ వేళకు ధనియాలును మిద్దె మీద పెట్టి తలుపు గడియ వేయమని శ్రీహితకు చెప్పాను. మరిదితో నేను నేరుగా మాట్లాడవలసిన పని ఉంది.

తేదీ: 2025 నవంబరు 9, ఆదివారం. హుస్సేనీ ఆలం, హైదరాబాదు.

(సంతకం) బాదం సుశీలమ్మ

సాక్షులు:
1. బసవయ్య, కిరాణా దుకాణం, హుస్సేనీ ఆలం. సంతకం చేసేటప్పుడు కాగితం మీద పిల్లి కూర్చుంది, లేపి చేశాడు.
2. నర్సింహ, ఆటో డ్రైవరు, మొఘల్‌పురా.

చెప్పినది చెప్పినట్టు రాసినవాడు: రాజన్న, దస్తావేజు లేఖరి. అమ్మగారు కిందికి దిగిన తరువాత కూడా ఇక్కడే ఉన్నాను. కింద నుంచి మాటలు వినిపించాయి. మధ్యలో ధనియాలు పేరు ఎవరూ తీయలేదు.